తీగకు గ్రుచ్చిన ఉత్తరము

1971వ సంవత్సరము జులై మాసమున, థాయిలాండు దేశమందలి పాక్ చోంగ్ అను మారుమూల గ్రామమునుండి, ముప్పదియేండ్ల యువకుడొకడు సముద్రముల కావలనున్న తన యిల్లాలికి వరుసగా ఉత్తరములు వ్రాయుచుండెను. దోమల బాధ భరింపరాకున్నదనియు, బస చేసిన చోట బొద్దింకలు యథేచ్ఛగా తిరుగుచున్నవనియు, ఆ పల్లెలో తినదగిన మాంసము దొరకుటయే కష్టముగా నున్నదనియు, బయలుదేరునపుడు విటమిను మాత్రలు వెంట తెచ్చుకొనుట ఎంతయో మేలైనదనియు, ఒంటి బరువు తగ్గినదనియు వానిలోని సమాచారము. పరదేశమునకు పనికై పోయిన గృహస్థు ఎవడైనను ఇంటికి వ్రాసికొను మాటలివి. పూర్వము మన గోదావరి, విశాఖ మండలములనుండి ఓడలెక్కి రంగూనునకు పోయినవారు వ్రాసినవి ఇట్టివే. నేడు కరీంనగరము, కడప ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు చెప్పుకొనునవియు ఇట్టివే. కాని వ్రాసినవాడు బ్రూస్ లీ. అప్పుడతడు నటించుచున్నది 'ది బిగ్ బాస్' అను చిత్రము. రెండు చిత్రములకు కలిపి పదునైదువేల డాలర్లకు ఒప్పుకొని ఆ పల్లెకు వచ్చినవాడు. ఆ చిత్రము అదే సంవత్సరము అక్టోబరు నెలాఖరున హాంకాంగులో విడుదలైన నాటినుండి అతని పేరు తూర్పు ఆసియా అంతటను మారుమ్రోగెను. దోమలను గూర్చి వ్రాయుచున్న నాటికి అతనికి ఆ సంగతి తెలియదు. అతడు కేవలము బరువు తగ్గిన భర్త.

ఈ ఉత్తరములను నేను చదివినది అచ్చుపుస్తకములో. జాన్ లిటిల్ అను సంపాదకుడు బ్రూస్ లీ ఉత్తరములను సేకరించి 1998లో 'లెటర్స్ ఆఫ్ ది డ్రాగన్' అను పేర ప్రకటించెను. తెరిచినపుడు నాకు కుతూహలముతోపాటు ఒకింత సంకోచమును కలిగినదని చెప్పవలెను. పరుల ఉత్తరము చదువరాదని బాల్యమునుండి మా యిండ్లలో నేర్పిన మర్యాద. చదువురాని ముత్తైదువ తపాలాబంట్రోతు చేత ఉత్తరము చదివించుకొనునపుడు, ప్రక్కనున్న పిల్లలను పెద్దలు కేకవేసి అవతలకు పంపుట నేనెరుగుదును. అట్టి మర్యాదలో పెరిగినవాడు, ఒక స్త్రీకి ఆమె భర్త వ్రాసికొనిన జాబును, ఆ యిద్దరికిని ఏమియు కాని తాను, దీపము దగ్గరకు జరుపుకొని చదువుటలో నున్న సాహసము చిన్నది కాదు. అచ్చులో చదువుటకే ఇంత జంకు కలిగినచో, ఆ కాగితమునే వేలములో పాడి, చేతితో పట్టుకొని, అద్దపు చట్రములో బిగించి యింటిగోడకు తగిలించుకొనువాని మనస్సు ఎట్లుండునని అప్పటినుండి ఆలోచించుచున్నాను. సేకరించువారిని నిందించుటకు కాదు. వారు కొనుచున్నది ఏమి అన్నదే నా ప్రశ్న.

బ్రూస్ లీని నేను మొదట చూచినది, మా తరము వారందరివలెనే, తెరమీద. 'ఎంటర్ ది డ్రాగన్' చిత్రము మా పట్టణమునకు వచ్చునప్పటికి అతడు గతించి కొన్ని సంవత్సరములైనది. టిక్కెట్ల కిటికీ దగ్గర త్రొక్కిసలాడిన మాకు ఆ సంగతి తెలియదు, తెలిసినను నమ్మియుండము. చిత్రము చూచి వచ్చిన మరునాడే రెండు కర్రముక్కలను సైకిలు గొలుసుతో కలిపి త్రిప్పి, మోచేతులు వాచి ఇంట దెబ్బలు తినిన బాలురు వీధికొకరు. ఆ చేతివేగమే మా కనులయందు నిలిచినది. 1964లో కాలిఫోర్నియా రాష్ట్రమున లాంగ్ బీచి పట్టణమందు జరిగిన కరాటే పోటీలలో, అంగుళమాత్రపు దూరమునుండి పిడికిలి ఆనించినట్లే ఆనించి ఎదుటివానిని వెనుకనున్న కుర్చీలో కూలవైచిన హస్తమది. ఆ హస్తమే పెన్ను పట్టి, తీర్చిన దస్తూరితో, దోమలు బాధించుచున్నవని వ్రాసినది. ఈ రెండు పనులను ఒకే చేయి చేసినదని మనస్సునకు పట్టుటకే నాకు చాలకాలము పట్టినది.

ఈ మల్లవిద్యలన్నిటికిని ఒక దైన్యము కలదు. అవి దేహమునందు పుట్టి దేహముతోనే పోవునవి. సినిమాయందు నిలుచునది వెలుగునీడల చలనమే కాని, ఆ చలనము వెనుకనున్న బరువు కాదు. పోనీ, ధరించిన వస్త్రములా? మరణమునకు ముందు పూర్తికాక నిలిచిపోయిన 'గేమ్ ఆఫ్ డెత్' చిత్రములో అతడు తొడిగిన పసుపుపచ్చని దుస్తు, ప్రక్కలందు నల్లని చారలు గలది, 2013 డిసెంబరులో హాంకాంగున వేలము వేయగా 7,80,000 హాంకాంగు డాలర్లు పలికినది. దానిని నేను చిత్రములో మాత్రమే చూచితిని. చూచినపుడు నాకు తోచినది ఆ వస్త్రములో మనిషి లేడనియే. పాము విడిచిన కుబుసము పామును చూపదు. ఉత్తరమట్లు కాదు. కలము మోపిన చోట కాగితము క్రుంగును. తొందరగా నున్ననాడు అక్షరము వాలును, అలసిననాడు పంక్తి క్రిందికి జారును. ఒకమాట కొట్టివేసి మరియొకమాట పెట్టినచో ఆ క్షణమున మనస్సు ఎటునుండి ఎటు మరలెనో అచటనే కనబడుచుండును. దేహవిద్యకు తన జీవితమును ధారవోసినవాని చేతికదలిక, చూపరులకొరకు కాక, ఒక్క మనిషికొరకు నిలిచియున్న తావు అతని ఉత్తరమొక్కటియే. వీరుల స్మృతిచిహ్నములు కొనువారు తక్కిన వస్తువులకంటె ఉత్తరమునకై ప్రాకులాడుటలో ఈ మాత్రపు న్యాయము కలదని నేనొప్పుకొందును.

అయినను వారు కొనునది అది మాత్రమే కాదు. 1962 సెప్టెంబరులో బ్రూస్ లీ సియాటిల్ నగరమునుండి హాంకాంగులోని కుటుంబ స్నేహితురాలికి వ్రాసిన దీర్ఘమైన జాబొకటి కలదు. అతనికి అప్పటికి ఇరువదిరెండేండ్లు నిండలేదు. 1940 నవంబరు 27న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టినను హాంకాంగున పెరిగి, అచట ఇప్ మాన్ గురువు కడ వింగ్ చున్ నేర్చి, వీధిపోట్లాటలతో ఇంటివారిని కలతపెట్టి, ఛా-ఛా నృత్యమున బహుమతి గెలిచి, 1959లో జేబులో నూరు డాలర్లతో మరల అమెరికాకు ఓడయెక్కినవాడు. సియాటిల్‌లో ఒక చైనా భోజనశాలయందు పనిచేయుచు, దాని మేడగదిలోనే నివసించుచు చదువుకొనినాడు. తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చేరినాడు. అట్టి కుర్రవాడు ఆ జాబులో తన సంకల్పమును విప్పి చెప్పుచు, అమెరికా దేశమంతటను కుంగ్‌ఫూ పాఠశాలలు నెలకొల్పుదుననియు, అందుకు పది పదునైదేండ్లు పట్టుననియు, ధనము ఒక్కటియే తన ధ్యేయము కాదనియు, చైనావారి ఈ విద్యను లోకమునకు తెలుపవలెనను కోరికయు కలదనియు వ్రాసెను. లోకము దృష్టిలో అవి ఒక వడ్డనకుర్రవాని పగటికలలు. అట్టి ఉత్తరములు ప్రతి యింటికిని వచ్చును. దేశాంతరము పోయిన ప్రతి బాలుడును మొదటి రెండేండ్లలో అట్టిదొకటి వ్రాయును. దానిని చదివి, నవ్వుకొని, పొయ్యిలో పెట్టిన తల్లులెందరు లేరు! కాని ఆ స్నేహితురాలు దానిని పారవేయలేదు. 1962లో అది రెండణాల విలువ చేయని కాగితము. దాని విలువను లోకము తరువాత గుర్తించినది. ఆమె అప్పుడే గుర్తించినది.

ఇచటనే నా ప్రశ్నకు మొదటి జవాబు దొరికినదని నాకు తోచినది. స్మృతిచిహ్నమైన ఉత్తరమును చూచునపుడు మనము వ్రాసినవానిని మాత్రమే తలచుకొందుము. దాచినవారిని తలచుకొనము. ఆ కాగితమునకు ప్రాణము పోసినవాడు వ్రాసినవాడైనచో, ఆ ప్రాణమును ముప్పది నలుబది సంవత్సరములు చెదలనుండియు, వానచినుకులనుండియు, ఇల్లు మారుటలనుండియు, ఇల్లు చిమ్ము కోడళ్లనుండియు కాపాడినవారు వేరొకరు. వారికి కీర్తితో పనిలేదు. కీర్తి వచ్చిన పిమ్మట దాచుట ఎవరైనను చేయుదురు, అది ముందుచూపు. కీర్తి రాకముందు దాచుట ప్రేమ.

ఓక్లండ్ ప్రాంతమున జార్జి లీ అను లోహపు పనివాడొకడు బ్రూస్ లీకి శిష్యుడుగా నుండెను. బ్రూస్ అతనికి వ్రాసిన ఉత్తరములు నాకు అన్నిటికంటె ప్రియమైనవి. వానిలో తత్త్వములేదు, ప్రతిజ్ఞలు లేవు. ఈ పరికరము చేసిపెట్టుము, ఆ పిడి ఇట్లుండవలెను, ఇచట ఇంత మందము, అచట ఇంత పొడవు అని చెప్పుచు, ప్రక్కన బొమ్మ గీసి, కొలతలు వేసి పంపెడివాడు. జార్జి తన కొలిమిపనిలో చేయి తిరిగినవాడు కనుక, ఆ బొమ్మను చూచి పట్టు పెంచు యంత్రమును, తన్నుటకు గురిపెట్టు పలకలను, ఇట్టివానిని తీర్చి యిచ్చుచుండెను. వెంటనే కృతజ్ఞతతో మరియొక జాబు వచ్చును. దాని చివరనే మరియొక క్రొత్త పరికరము బొమ్మ. ఒకసారి బ్రూస్ చిన్న సమాధిరాతి నమూనా చేయించెను. పూర్వపద్ధతుల చెత్తక్రింద నలిగి వంకరపోయిన ఒకప్పటి సరళమానవుని స్మృత్యర్థమను భావము దానిమీద చెక్కించెను. పాతిపెట్టదలచినది మనిషిని కాదు, మనిషిని బిగించిన సంప్రదాయమును. ఆ రాయిని తీర్చిన చేతులును జార్జి చేతులే. గురువు ఒకడు వ్రాయుట, శిష్యుడొకడు చేయుట, చేసి పంపుట, వచ్చిన ఉత్తరమును దాచుట: ఈ రాకపోకలలో ఒక పాఠశాల అంతయు నడచుచున్నది. కండలవెనుక కమ్మరి యున్నాడని ఏ సినిమా ప్రకటనయు చెప్పలేదు. ఆ ఉత్తరములు చెప్పినవి. తరువాత అవియు ఒక పుస్తకముగా వెలువడినవి.

లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన బ్రూస్ లీ ఉత్తరము మాత్రము వీనిలో ఏదియు కాదు. అది 1969 జనవరిలో అతడు తనకు తానే వ్రాసికొనినది. తన నిశ్చిత ప్రధాన లక్ష్యమని దానికి శీర్షిక. నెపోలియన్ హిల్ అను రచయిత 1937లో ప్రకటించిన పుస్తకములో, కోరిన ధనమును, అందుటకు గడువును, అందుకు ప్రతిగా తానిచ్చునదానిని కాగితముమీద స్పష్టముగా వ్రాసికొనుమని బోధించియున్నాడు. బ్రూస్ ఆ బోధను అక్షరాల పాటించినాడు. అమెరికాలో అత్యధిక పారితోషికము పొందు మొదటి ఆసియా మహానటుడు తానగుదుననియు, ప్రతిగా తన శక్తికొలది ఉత్తమనటనను ఇత్తుననియు, 1970నుండి ప్రపంచఖ్యాతి లభించుననియు, 1980 ముగియునాటికి కోటి డాలర్లు తనకుండుననియు, పిమ్మట తనకు నచ్చినట్లు జీవించుచు అంతరంగమున సామరస్యమును, సుఖమును పొందుదుననియు అందులో వ్రాసియున్నాడు.

ఈ కాగితమును చట్రములో చూచి ఉత్సాహము పొందువారు, అది వ్రాసిన నెలలో ఆ యింటి పరిస్థితి ఏమో తలచుకొనవలెను. అతడు నటించిన 'ది గ్రీన్ హార్నెట్' టెలివిజను కథలు 1967లోనే నిలిచిపోయినవి. 1968 చివర తాహతుకు మించి లాస్ ఏంజెలిస్‌లో ఇల్లు కొనియున్నాడు. కుమారునికి నాలుగు వచ్చుచున్నవి. రెండవబిడ్డ ఏప్రిలులో పుట్టనున్నది. హాలీవుడ్ నటులకు వ్యాయామపాఠములు చెప్పుటయే ముఖ్యమైన ఆదరువు. కోటి డాలర్ల మాట వ్రాసిన చేయి అప్పులలెక్క వ్రాయుచున్న చేయియే. ఇక 1970నుండి ఖ్యాతి యని అతడు పెట్టుకొనిన గడువున జరిగినదేమి? ఆ సంవత్సరము ఆగస్టులో, బరువు భుజములమీద ఉంచుకొని ముందుకు వంగు వ్యాయామము చేయుచుండగా నడుము నరము దెబ్బతినెను. మరల తన్నజాలడని వైద్యులు చెప్పిరి. ఆరు నెలల పాటు మంచము పట్టి, లేవలేని దేహము ప్రక్కన కాగితములు పెట్టుకొని, తన విద్యను గూర్చి సంపుటములకొలది వ్రాసికొనెను. ఆ వ్రాతలనుండియే అతని మరణానంతరము 1975లో 'టావో ఆఫ్ జీత్ కునే దో' అను గ్రంథము వచ్చినది. ఖ్యాతి ఒక సంవత్సరము ఆలస్యముగా, పాక్ చోంగ్ దోమల నడుమనుండి వచ్చినది. కోటి డాలర్ల గడువు చూడలేదు. 1973 జులై 20న, ముప్పదిరెండేండ్ల వయసున, హాంకాంగున మరణించెను. ఆ దినముననే తన న్యాయవాదికి రాబోవు పనులను గూర్చి ఒక ఉత్తరము వ్రాసియున్నాడు. దానిని చదువునపుడు చేతివ్రేళ్లు చల్లబడును. వ్యవహారపు ఉత్తరమే; ఇంకను చేయవలసినవానిని వరుసగా చెప్పుట. వ్రాసినవానికి తెలియని ఒక్క సంగతి చదువువానికి తెలియును. అంతకంటె బరువైన వ్యవధానము రెండు మనస్సుల మధ్య ఉండునా?

1993లో అతని వస్తువులు బెవర్లీ హిల్స్‌లో వేలమునకు వచ్చినవి. తనకు తానే వ్రాసికొనిన ఆ లక్ష్యపత్రము ప్లానెట్ హాలీవుడ్ అను భోజనశాలల సంస్థవారి వశమై, ఫలహారములు చేయువారికి గోడమీద దర్శనమిచ్చుచుండెను. ఒకనాడు వడ్డనచేసిన కుర్రవాని రహస్యసంకల్పము భోజనశాల గోడకెక్కినదని తలచుకొన్నపుడు నా మనస్సు బరువెక్కినది. అయినను ఆ పత్రముమీద నాకు ఎన్నడును పూర్తి మమకారము కలుగలేదు. ఏలయనగా దానికి అందుకొనువారు లేరు. ఉత్తరమనగా ఒకరు మరియొకరికి వ్రాయునది. చదువబోవు ముఖమొకటి వ్రాయువాని కనులయెదుట నిలుచును. ఆ ముఖమునుబట్టి మాట మెత్తబడును, గట్టిపడును. ఆత్మలేఖలో ఆ ముఖము లేదు. అందుచేతనే అందులోని మాటలు శిలాశాసనమువలె నున్నవి. కోట్లమంది దానిని తమకు వ్రాసినదిగా భావింపగలుగుటకును అదియే కారణమేమో. చిరునామా లేని జాబు ఎవరి యింటికైనను చేరును. జార్జి లీకి వచ్చిన కొలతల కాగితము అట్లు కాదు. దానిని ఎవరు కొనినను అది జార్జి లీదే.

ఇది నా భావన మాత్రమే కాదు, న్యాయస్థానము కూడ దీనిలో సగము చెప్పియున్నది. 1741లో ఇంగ్లండున అలెగ్జాండర్ పోప్ మహాకవి తన ఉత్తరములను అనుమతిలేక అచ్చొత్తిన కర్ల్ అను పుస్తకవిక్రేతమీద వ్యాజ్యెము వేసెను. కాగితము అందుకొనినవానిది, మాటలు వ్రాసినవానివి అని హార్డ్‌విక్ ప్రభువు తీర్పు చెప్పెను. నాటినుండి నేటివరకు ఆ సూత్రమే నడచుచున్నది. మన దేశమున 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము వ్రాసినవాడు గతించిన పిమ్మటను, చట్టము విధించిన కాలమువరకు, ఆ మాటలమీది హక్కు వారసులది. కనుక లక్షలు పోసి వేలములో ఉత్తరము కొనినవాడు కాగితమును, సిరాను కొనినాడే కాని, వాక్యమును కొనలేదు. దానిని తన యిష్టము వచ్చినట్లు అచ్చొత్తించుకొనజాలడు. ఉత్తరమును రెండుగా చీల్చక చీల్చిన ఈ తీర్పు నాకెంతయో అందమైనదిగా తోచును. న్యాయస్థానము చెప్పని మూడవభాగమొకటి ఇంకను మిగిలియున్నది. అది ఎవరికి వ్రాయబడినదో వారికి దానిలోని సంబోధనమీద గల హక్కు. దానిని ఎవరును అమ్మజాలరు, కొనజాలరు.

విలువ పెరిగిన చోట కపటము పుట్టును. కీర్తివంతుల సంతకములను దొంగచేవ్రాలుతో అమ్ముట అమెరికాలో ఎంత పెద్ద వ్యాపారమైనదనగా, 1990ల నడుమ అచటి ఫెడరలు పోలీసులు దానికై ప్రత్యేకముగా దర్యాప్తు నడపవలసి వచ్చినది. సిరా, కాగితము, కవరుమీది తపాలాముద్ర, మడతల గుర్తులు అన్నియు పరీక్షింతురు. అతినీలలోహిత కాంతిలో పట్టి చూతురు. తెల్లదనమునకై కలుపు రసాయనము గల ఇటీవలి కాగితము ఆ వెలుగులో నీలముగా మెరయును గనుక, నూరేండ్లనాటిదని చెప్పిన ఉత్తరము అట్లు మెరసినచో దాని బండారము బయటపడును. ఒంటిసంతకమును అనుకరించుటకంటె ఉత్తరమును అనుకరించుట కష్టము. అక్షరమును దొంగిలింపవచ్చును కాని, దోమలను గూర్చి భార్యకు చెప్పు కంఠమును దొంగిలించుట తేలిక కాదు. అయినను ఈ పరీక్షలన్నిటికి మించినదిగా ఆ వ్యాపారమువారు అడుగు ప్రశ్న ఒక్కటియే: ఇది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? దానిని వారు ప్రొవెనెన్స్ అందురు. చేతులు మారిన వరుస తెగకుండ చెప్పగలిగినచో ఆ ఉత్తరము నమ్మదగినది. చూడుడు, అంగడిలో కూడ చివరకు నిలబడి సాక్ష్యము చెప్పువాడు దాచినవాడే.

ఇంతవరకు వ్రాసి, నా బల్లసొరుగు తెరిచి ఒక పోస్టుకార్డును ఎదుట పెట్టుకొంటిని. మా మాతామహుల యింట వసారాలో దూలమునకు ఒక యినుపతీగ వ్రేలాడుచుండెడిది. క్రిందికొన కొక్కెమువలె వంచి, దానికొక చెక్కబిళ్ల అడ్డుపెట్టి, వచ్చిన ఉత్తరమునెల్ల చదివిన వెంటనే దానికి గ్రుచ్చెడివారు. నాలుగు మూలల పసుపు పూసిన శుభలేఖలు, ఉభయకుశలోపరి అని మొదలిడిన కార్డులు, శిస్తురసీదులు అన్నియు ఆ తీగకే. చావుకబురు తెచ్చిన కార్డు మాత్రము చదివి చించివేసెడివారు. అది ఇంట నిలువరాదు. ఏండ్లు గడచినకొలది ఆ తీగ కాచిన చెట్టువలె బరువెక్కినది. ఇల్లు తిరుగగట్టునపుడు దానిని యథాతథముగా చిత్తుకాగితములవానికి తూచి యిచ్చివేసిరి. నేను అప్పుడు అచటనే యుంటిని. తూనికలో ఎంత వచ్చునో చూచుచు నిలబడితిని గాని, ఒద్దని అనలేదు. ఇప్పటికిని ఆ తక్కెడ నాకు కలలో కనబడుచుండును.

అందులో ఒక్క కార్డు మిగిలినది. అది మా చిన్నమామయ్యకు అతని తాలింఖానా ఉస్తాదుగారు వ్రాసినది. మామయ్య యౌవనమున గోదాలో దిగినవాడు. దండీలు, బస్కీలు తీయుచు, సంగడములు త్రిప్పుచు, పీర్లపండుగనాడు పీర్లముందు కర్రసాము చేసి ఊరిచేత భళీ అనిపించుకొనినవాడు. నా చిన్నతనములో ఒకమారు ఆడుకొనుచు తీగను ఊపగా, ఎన్నడును కోపపడని మామయ్య, "ఒరేయ్, అందులో ఉస్తాదుగారి కార్డున్నదిరా, కదలించకు," అని మందలించెను. చిత్తుకాగితములవాడు వచ్చిన ఉదయముననే ఆ ఒక్కటి లాగి జేబులో వేసికొనినట్లున్నాడు. అతడు పోయిన పిమ్మట అత్తయ్య దానిని నాకిచ్చెను. కాపీపెన్సిలుతో వ్రాసినది, చెమటచేయి తగిలిన చోటనెల్ల అక్షరములు ఊదారంగుగా చెదరినవి. నాయనా అని సంబోధన. భుజము పట్టువదలు వరకు సంగడములు ముట్టవద్దని, నువ్వులనూనెతో మర్దనము చేయించుకొమ్మని, రాత్రి పండుకొనబోవునపుడు ఆకు ఆముదములో వెచ్చజేసి కట్టుకొమ్మని, పండుగకు తాను వచ్చి చేయి పట్టి చూచెదనని అందులోని విశేషము. తొమ్మిది పంక్తులు.

పాతకార్డులు సేకరించు ఒక పెద్దమనిషి మా యింటికి వచ్చి దీనిని చూచెను. మర్యాదస్థుడు, వస్తువు తెలిసినవాడు, అంచులతో పట్టుకొని, వెలుగునకు త్రిప్పి, తపాలాముద్రను భూతద్దముతో పరిశీలించి, ఒక ధర చెప్పెను. నడుమ రంధ్రము లేకున్న ఇంకను ఎక్కువ ఇచ్చెదనని కూడ సరళముగానే చెప్పెను. నేను అమ్మలేదు. ఆ రంధ్రమువలన విలువ తగ్గుట అంగడిలో న్యాయమే కావచ్చును. నాకు మాత్రము, చదివి అవతల పారవేయక, తీసికొనిపోయి, వ్రేళ్లతో సరిచేసి, తీగకు గ్రుచ్చిన మా మామయ్య చేయి కనబడునది ఆ రంధ్రములోననే. సియాటిల్ జాబును దాచిన స్నేహితురాలి చేయియు, కొలతల కాగితములను పదిలపరచిన జార్జి లీ చేయియు ఎట్లుండెనో నేనెరుగను; ఇది ఎట్లున్నదో ఎరుగుదును.

తీగ గ్రుచ్చుకొనినది ఆరవ పంక్తిలో, భుజమునకు కట్టవలసిన ఆకు పేరుమీద. చివర 'కు' అను ఒక్క అక్షరము నిలిచినది. వావిలాకే అయియుండునని మా అమ్మ యనును. జిల్లేడని అత్తయ్య పట్టుదల. మామయ్య తుదివరకు కుడిచేతిని భుజముమీదికి ఎత్తునపుడు ఒకక్షణము ఆగెడివాడు. నిన్నటి రాత్రి భూతద్దము పెట్టి చూచితిని. రంధ్రము ఎడమయంచున, త్రుప్పుమరకకు ఇవతల, ఊదారంగుగా ఒక చిన్న వంపు మిగిలియున్నది. అది వకారపు మొదలని నాకు తోచినది.